‘24,500’ అంటే ఎంత? ఫ్రెంచి పద్ధతి ఫైళ్లను చదివించడం ఎలా?

పలాస_లెక్కలు:
ఇక్కడి జీడి పరిశ్రమలకు సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. ముడి గింజలు ఐవరీ కోస్ట్ నుంచి కూడా దిగుమతి అవుతాయి. అక్కడిది ఫ్రెంచి పద్ధతి, కామాయే దశాంశ బిందువు. ఫైలులో బరువు ‘24,500’ అని వస్తుంది, అంటే ఇరవై నాలుగున్నర టన్నులు. పాత ప్రోగ్రామ్ కామాను తీసిపారేసి ఇరవై నాలుగు వేల ఐదు వందల టన్నులు చూపిస్తోంది, అదీ ఒక్క కంటైనర్‌లో! మీరంతా ఏం చేస్తున్నారు?

రాజాం_వెబ్:
కామా స్థానంలో చుక్క పెట్టేస్తే సరిపోదా అండీ? జావాస్క్రిప్ట్‌లో మాత్రం జాగ్రత్త. రాతను సంఖ్యగా మార్చే పార్స్‌ఫ్లోట్‌కు ‘24,5’ ఇస్తే నోరెత్తకుండా 24 ఇస్తుంది. నంబర్ ఫంక్షన్ నయం, ‘నాన్’ (ఇది సంఖ్య కాదు) అని చెప్పేస్తుంది.

బొబ్బిలి_కోడ్:
సరిపోదు. జర్మన్ బిల్లులో ‘1.234,50’ ఉంటే మీ మార్పు తర్వాత రెండు చుక్కలు మిగులుతాయి. మన ‘2,45,000’ సంగతి సరేసరి. రెండు గుర్తులూ ఉంటే చివరిదే దశాంశం అనుకోవచ్చు. ఒకే గుర్తు, దాని తర్వాత మూడంకెలు ఉంటే ఏ తెలివైన కోడూ తేల్చలేదు. ఊహించడం మానేసి పంపినవారినే అడగండి.

కోట_పైథాన్ (విజయనగరం):
పైథాన్‌లో బేబెల్ లైబ్రరీ వాడండి. పార్స్_డెసిమల్‌కు ఫ్రెంచి లొకేల్ (అంటే ఆ భాష, ప్రాంతాల రాత పద్ధతి) ఇస్తే ‘24,500’ను 24.500గానే చదువుతుంది. పద్ధతి తప్పిన అంకెను తిప్పికొట్టే స్ట్రిక్ట్ తప్పకుండా పెట్టండి. లేకపోతే జర్మన్ లొకేల్‌లో ‘30.00’ కాస్తా 3000 అయిపోతుంది. సెట్‌లొకేల్ జోలికి పోవద్దు, అది ప్రోగ్రామ్ మొత్తానికీ వర్తిస్తుంది, సర్వర్‌లో ఇతరుల లెక్కలూ చెడతాయి. పట్టికలు చదివే పాండాస్ లైబ్రరీ అయితే రీడ్_సీఎస్‌వీలో డెసిమల్‌కు కామా, సెప్‌కు (గడులను విడదీసే గుర్తుకు) సెమీకోలన్ ఇవ్వండి. ఫ్రెంచి సెట్టింగుల ఎక్సెల్ సీఎస్‌వీని (గుర్తులతో గడులు విడదీసిన పట్టిక ఫైలును) సెమీకోలన్లతోనే రాస్తుంది.
ఇంకొకటి. ఫ్రెంచివాళ్లు వేలను ఖాళీతో విడదీస్తారు. అది మామూలు ఖాళీ కాకపోవచ్చు. యూనికోడ్‌లో యూ+202ఎఫ్ అనే సన్న ఖాళీ కావచ్చు. కంటికి తేడా తెలియదు, మామూలు ఖాళీని తొలగించే కోడ్‌కు అది చిక్కదు.

రాజాం_వెబ్:
ప్రపంచమంతా ఒకే గుర్తు పెట్టుకోవచ్చు కదా!

బొబ్బిలి_కోడ్:
2003లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభే చుక్క అయినా సరే, కామా అయినా సరే అని తీర్మానించింది. ఎవరినీ తప్పుపట్టలేం. పలాస గారూ, ఫైలులో బస్తాల సంఖ్య ఉంటుంది కదా? బస్తా సుమారు ఎనభై కిలోలు అనుకుని బరువును సరిచూడండి. వెయ్యి రెట్ల తేడా అక్కడే పట్టుబడుతుంది.

పలాస_లెక్కలు:
బస్తాల తనిఖీ పెట్టాను, పొంతన కుదరని ఫైలు లోపలికి రాకుండా ఆగిపోతోంది. లొకేల్‌ను మొదట దేశాన్ని బట్టి పెట్టాలనుకున్నాను. కానీ ఐవరీ కోస్ట్ సరుకుకే దుబాయి దళారి ఒకరు ఇంగ్లిషు పద్ధతిలో ఫైలు పంపుతున్నారు. అందుకే పంపేవారి పేరు పక్కనే ఒక గడి చేర్చి, అందులో పద్ధతి రాయించాను. కొత్తవారి మొదటి ఫైలును మాత్రం గుమాస్తా కళ్లతో చూసి ఒప్పుకోవాల్సిందే.