దీపం ఏ కొండెక్కింది?

మాది పర్లాకిమిడి. మావాడు ఒడియా మీడియంలో చదువుతున్నాడు. తులసికోట దగ్గర దీపం గాలికి ఆరిపోతే మా అత్తగారు "దీపం కొండెక్కిందిరా, అగ్గిపెట్టె పట్రా" అన్నారు. వాడు "ఏ కొండ? మహేంద్రగిరా?" అనడిగాడు. ఒడియాలో కొండెక్కినా బస్సెక్కినా చఢిబానే, దీపం మాత్రం లిభిగలా అంటారు. టమాటా ధర కొండెక్కిందంటే వాడికి తెలుసు. అదే మాటకి ఆరిపోవడం అన్న అర్థం ఎలా వచ్చిందండీ?

— ఆరిపోయిందని నోటితో అనకూడదని, అమ్మా. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, తాళి తెగితే పెరిగిందంటాం. ఇదీ ఆ కోవలోదే. ధర కొండెక్కితే చేతికందదు, దీపం కొండెక్కితే కంటికి కనబడదు. ఆగిపోయిన పని అటకెక్కిందనడం, పోయినవాణ్ణి పైకెళ్లాడనడం కూడా ఇలాంటివే.

నాకు ఇంకా ముచ్చటగా అనిపించేది 'కి, కు' సంగతి. కి, కు లేకుండా చెట్టెక్కాడు, బండెక్కాడు అన్నప్పుడు ఒళ్లు నిజంగానే పైకి లేస్తుంది. కోర్టుకెక్కాడు, రచ్చకెక్కింది, పేపరుకెక్కింది అన్నప్పుడు ఎవరూ పైకి లేవరు, ఇంట్లో గొడవ పదిమంది నోళ్లలో పడుతుంది, అంతే. మెట్లున్న కోర్టయినా సరే, గుమస్తా రోజూ కోర్టుకి 'వెళ్తాడు', దావా వేసినవాడే కోర్టుకి 'ఎక్కుతాడు'.

— మరి 'ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట' మాటేమిటి మాస్టారూ? అక్కడ కు ఉంది, ఎక్కడమూ ఉంది.

— బాగా పట్టారు. ఆ సామెతను 'ఉట్టికెగరలేనమ్మ' అనేవాళ్లూ ఉన్నారు. ఎగరడానికి ఎక్కడికో ఒక గమ్యం కావాలి, అక్కడ కు సహజం. అయినా నేను చెప్పింది శాసనం కాదు. చదువు తలకెక్కడం, విషం తలకెక్కడం కూడా నా లెక్కకి లొంగవు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని వాడుకని తప్పనే ధైర్యం నాకు లేదు.

— మాది గుణుపురం. 'ఎక్కించడం' ఎవరూ ఎత్తలేదేం? సూదిలో దారం ఎక్కిస్తాం, రోగికి సెలైన్ ఎక్కిస్తాం, ఓటరు లిస్టులో పేరెక్కిస్తాం. సెలైన్ అయితే పై సీసాలోంచి కిందకే కదా దిగేది! దారం అడ్డంగా పోతుంది. నన్నడిగితే ఇక్కడ పైకీ కిందకీ పట్టింపే లేదు. ఉండాల్సిన చోట చేరిందా లేదా, అదే లెక్క.