బ్యాంకాక్ 4 రోజులు: ఈసిమ్ కొనాలా, ఎయిర్‌పోర్ట్ సిమ్మా, మన రోమింగ్ ప్యాక్ చాలా?

నిడదవోలు_అమ్మాయి
అందరికీ నమస్తే. వచ్చే నెల హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్తున్నాం, నాలుగు రోజులే. మేమిద్దరం, మా అత్తయ్య గారు, మా మరిది. టికెట్ల దగ్గర, హోటల్ దగ్గర రాని గొడవ ఈ సిమ్ దగ్గర వచ్చింది. మా ఆయన ఇక్కడే ట్రావెల్ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) కొనేసి దిగగానే ఆన్ చేసుకుందాం అంటారు. మా మరిది ఏమో అదంతా దండగ వదినా, సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే కౌంటర్లుంటాయి, అక్కడ కొనడమే చవక అంటాడు. మా నాన్నగారికి ఫోన్ చేస్తే ఈ తలనొప్పంతా ఎందుకమ్మా, ఉన్న సిమ్‌కే రోమింగ్ ప్యాక్ వేయించుకోండి అన్నారు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ఏది నయం? నాకు కావల్సింది మ్యాప్స్, గ్రాబ్ (అక్కడి ట్యాక్సీ యాప్), వాట్సాప్, అంతే. రీల్స్ మా మరిదికి.

బెజవాడ_బాబాయ్
మీ నాన్నగారు చెప్పిందే రైటమ్మా. నాలుగు రోజులకి కొత్త సిమ్ ఏంటి, కొత్త నంబర్ ఏంటి. ఆపరేటర్ యాప్‌లో ప్యాక్ వేసుకో, విమానం దిగి ఫోన్ ఆన్ చెయ్, నెట్‌వర్క్ దానంతటదే పట్టుకుంటుంది. ఇంటి దగ్గర నుంచి ఎవరైనా మామూలు కాల్ చేసినా కలుస్తుంది. పెద్దావిడ కూడా వస్తున్నారంటున్నావు, ఆవిడ ఫోన్‌లో సెట్టింగులు ఎవరు మారుస్తారు అక్కడ? కాస్త ఎక్కువైతే అయ్యింది, మనశ్శాంతి ముఖ్యం.

ఓరుగల్లు_చిన్నోడు
బాబాయ్ గట్లంటే ఎట్ల, నలుగురికి నాలుగు ప్యాకులంటే పైసలు ఎంతైతయో లెక్క చేసినవా? పైగా చాన ప్యాకులల్ల డేటాకి రోజువారీ లిమిట్ పెడ్తరు, అది అయిపోయినంక నెట్ నత్తలెక్క నడుస్తది. మేము దోస్తులం అయిదుగురం పోయినం, ఎయిర్‌పోర్ట్‌ల కౌంటర్ కాడ పాస్‌పోర్ట్ ఇచ్చి మొఖం ఫోటో దిగినం, ఆ పిల్లనే సిమ్ ఏసి సెట్టింగులన్నీ చేసి చేతుల పెట్టింది, పది నిమిషాలల్ల అయిపోయింది. లోకల్ కంపెనీ సిమ్ కాబట్టి స్పీడ్ మస్తుంటది, లోకల్ నంబర్ కూడా వస్తది. అక్కా మీ మరిది ఎవరో కానీ తెలివిగల్లోడు.

ప్రతూనామ్_పద్మ
చిన్నోడు బాబూ, ఆ కౌంటర్ పిల్ల నాకూ సిమ్ వేసింది. నా ఇండియా సిమ్ తీసి, అట్టముక్క మీద టేప్ వేసి అంటించి ఇచ్చింది. దాన్ని పర్సులో పెట్టుకున్నానా, పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకున్నానా, రెండో రోజుకే గుర్తులేదు. మూడో రోజు ప్రతూనామ్ మార్కెట్‌లో బట్టలు కొన్నాం, అక్కడికి వెళ్ళిన మనవాళ్ళు ఎంత కొంటారో తెలిసిందేగా, బరువు ఎక్కువైపోయింది. రాత్రి హోటల్లో కూర్చుని తిరుగు ఫ్లైట్‌కి ఎక్స్‌ట్రా బ్యాగేజీ ముందే ఆన్‌లైన్‌లో కొందామని కార్డు నంబర్ కొడితే ఓటీపీ పంపాం అని వచ్చింది. ఎక్కడికి పంపారు? అట్టముక్క మీదున్న సిమ్‌కి! మంచం మీద సూట్‌కేసు బోర్లించి వెతికితే ఒక చెప్పు లోపల దొరికింది, ట్రే తియ్యడానికి పిన్ను లేక నా చెవి దుద్దు వెనక పుల్లతో పొడిచి తీశాం, ఈలోపు సెషన్ పోయింది. ఆ రోజు నుంచి నేను ఈసిమ్ పార్టీ. చవకా ఖరీదా అన్నది కాదు, మన సిమ్ మన ఫోన్‌లోంచి కదలకూడదు.

ఓరుగల్లు_చిన్నోడు
గది ఫోన్ తప్పక్కా, సిమ్ తప్పు కాదు. మనకాడ అమ్మే ఆండ్రాయిడ్ ఫోన్లకి ఎక్కువ వాటికి రెండు స్లాట్లుంటయి. మన సిమ్ ఒక దాంట్ల ఉంచి థాయ్ సిమ్ రెండో దాంట్ల ఎయ్యొచ్చు కదా. ఓటీపీ మన సిమ్‌కి వస్తది, నెట్ వాళ్ళ సిమ్ మీద నడుస్తది. ఈసిమ్ చేసే పని గదే కదా!

ప్రతూనామ్_పద్మ
రెండో స్లాట్ ఖాళీగా ఉన్నవాళ్ళెంతమంది బాబూ? నాకు ఒకటి బ్యాంకు నంబరు, ఒకటి ఆఫీసు నంబరు.

కోడర్_కూకట్‌పల్లి
చిన్నోడు చెప్పింది కరెక్టే, ఖాళీ స్లాట్ ఉంటే ఎయిర్‌పోర్ట్ సిమ్‌కీ ఈసిమ్‌కీ పెద్ద తేడా లేదు. పద్మ గారు అన్నదీ కరెక్టే. అక్కా, ముందు నాలుగు ఫోన్లలోనూ డయలర్ తీసి స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని పొడుగాటి నంబర్ కనిపిస్తే ఆ ఫోన్‌కి ఈసిమ్ ఉన్నట్టు, లేకపోతే ఆ ఫోన్ వరకు చర్చ అక్కడితో క్లోజ్. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ దగ్గర్నుంచి ఉంది (చైనాలో కొన్నవి వేరే కథ), ఆండ్రాయిడ్‌లో మధ్య రకం రేటు ఫోన్లకి చాలావాటికి ఉండదు.

ఉన్నా కూడా జనం తప్పు చేసేది మూడు చోట్ల. మొదటిది, ఇన్‌స్టాల్ చెయ్యడానికి నెట్ కావాలి, అందుకే ఇంట్లో వైఫై మీదే చేసుకోవాలి, అక్కడ దిగాక కంపెనీ మెయిల్‌లో పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేద్దాం అనుకుంటే కుదరకపోవచ్చు, పైగా ఆ క్యూఆర్ మెయిల్ అదే ఫోన్‌లో ఉంటే దాన్ని దేంతో స్కాన్ చేస్తారు? కొన్ని ప్లాన్లకి రోజులు ఇన్‌స్టాల్ చేసినప్పట్నుంచే లెక్క, కొన్నిటికి అక్కడి నెట్‌వర్క్ తగిలాక, అది చదివి కొనండి. రెండోది, క్యూఆర్ మామూలుగా ఒక్కసారికే పనిచేస్తుంది, పని చెయ్యట్లేదని కోపంతో డిలీట్ కొట్టారంటే మళ్ళీ ఎక్కకపోవచ్చు. మూడోదే అసలు కామెడీ. ఈసిమ్ లైన్‌కి డేటా రోమింగ్ ఆన్ చెయ్యాలి, ఎందుకంటే అది చాలాసార్లు వేరే దేశం కంపెనీ ఇచ్చిన సిమ్, థాయ్ నెట్‌వర్క్ మీద అది కూడా చుట్టమే. మనవాళ్ళు రోమింగ్ అన్న మాట చూడగానే బిల్లు వస్తుందని భయపడి ఆఫ్ చేసి, ఈసిమ్ దొంగ కంపెనీ అని తిడతారు. ఆఫ్ చెయ్యాల్సింది మన ఇండియా లైన్‌కి. ఐఫోన్‌లో సెల్యులార్ డేటా స్విచింగ్ అని ఒకటి ఉంటుంది, అది కూడా ఆఫ్, లేకపోతే ఈసిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ చెప్పకుండా మన సిమ్ డేటాకి మారే ఛాన్స్ ఉంది.

బెజవాడ_బాబాయ్
చూశావా అమ్మా, ఒక్క ఈసిమ్‌కి ఎంత పురాణమో. నా ప్యాక్‌కి ఒక్క వాక్యం చాలు. ఇంకో సంగతి, మొన్న మా కాలనీలో ఒకాయనకి మీ సిమ్ ఈసిమ్‌కి మారుస్తాం అని ఫోన్ చేసి బ్యాంకులో డబ్బులు ఊడ్చేశారు. ఈ ఈసిమ్ అన్న మాట వింటేనే నాకు పడదు.

కోడర్_కూకట్‌పల్లి
బాబాయ్ అది వేరు ఇది వేరు. ఆ దొంగలు చేసేది మీ నంబర్నే వాళ్ళ ఫోన్‌లోకి ఈసిమ్‌గా మార్చేసుకోవడం, దాంతో ఓటీపీలు వాళ్ళకి వెళ్తాయి. ట్రావెల్ ఈసిమ్ మీ నంబర్ జోలికే రాదు, పక్కన ఇంకో లైన్ కూర్చుంటుంది, అంతే. మీ సిమ్ మారుస్తాం అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, ట్రావెల్ ఈసిమ్ అమ్మేవాడికి మీ ఓటీపీతో పనే లేదు.

కానీ మీరు అడగని ఇంకో పాయింట్ నేనే ఒప్పుకుంటా. మన దేశంలో విదేశీ సిమ్‌లు అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి పత్రం ఉండాలి. 2024 జనవరిలో ఎయిరలో, హోలాఫ్లై అనే రెండు పెద్ద ఈసిమ్ కంపెనీలకి అది లేదని వాటిని బ్లాక్ చెయ్యమని ఆ శాఖ ఆర్డర్ ఇచ్చింది, ఆపిల్, గూగుల్ ఇండియా స్టోర్ల లోంచి వాటి యాప్‌లు తీసేశాయి. అందుకని యూట్యూబ్‌లో ఎవరో అమెరికావాడు చెప్పిన పేరు చూసి వెతక్కుండా, ఇక్కడ అనుమతి ఉన్నవాళ్ళెవరో చూసుకుని వాళ్ళ దగ్గరే కొనండి.

షార్జా_సిరిసిల్ల
నేను బ్యాంకాక్ పోలే కానీ ఇక్కడి ముచ్చట ఒకటి చెప్త. మొన్న మా బావమరిది వాళ్ళు దుబాయ్ చూడనీకి వచ్చిన్రు, ఎయిర్‌పోర్ట్‌ల ఇచ్చిన లోకల్ సిమ్ ఏస్కున్నరు, ఇంటికి వాట్సాప్ కాల్ చేస్తే కలుస్తలేదని పరేషాన్. ఇక్కడ వాట్సాప్ కాల్స్ నడ్వయి, మెసేజ్‌లు మాత్రమే పోతయి. మేమంతా బోటిమ్ అనే కాలింగ్ యాప్ మీదనే కదా ఇన్నేండ్ల సంది మాట్లాడుతున్నది. వాళ్ళ ఆమె ఫోన్‌ల ఇండియా నుంచి ఏస్కొచ్చిన ఈసిమ్ ఉండె, దాంట్ల వాట్సాప్ కాల్ సక్కగ కలిసింది! ఎందుకంటే కోడర్ అన్న చెప్పినట్టు అది బయటి దేశం సిమ్, దాని డేటా ఆ దేశం సర్వర్ దాకా పోయి ఆడ నుంచి ఇంటర్నెట్‌లకి పోతది. అందుకే దాంట్ల ప్రకటనలు కూడా ఏదో వేరే దేశం భాషల వస్తయి. ఇది లాభమే, నష్టం కూడా. గంత దూరం తిరిగి రావాలె కాబట్టి వీడియో కాల్ల మాట కొంచెం ఆలస్యం అయితది. బ్యాంకాక్‌ల వాట్సాప్‌కి అడ్డం లేదు కాబట్టి అక్కకి ఆ లాభం లేదు, ఆలస్యం మాత్రం ఉంటది.

డల్లాస్_గోంగూర
మాకు ఈ చర్చ ఎప్పుడో అయిపోయింది, అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 2022లో వచ్చిన 14 నుంచి సిమ్ స్లాటే లేదు. ఇండియా వచ్చినా బ్యాంకాక్ వెళ్ళినా ఈసిమ్మే గతి. పోయినసారి అమ్మకి గుంటూరులో నా పాత సిమ్ చూపించి దీన్ని ఎక్కడ పెట్టాలే అని అడిగితే పూజ గదిలో పెట్టు అంది.

ఉప్పల్_ఉదయ్
నలుగురికి నాలుగు ఎందుకండీ అసలు? ఒక్క పెద్ద డేటా ఈసిమ్ కొని హాట్‌స్పాట్ పెట్టుకోండి. నలుగురూ కలిసే తిరుగుతారు కదా.

ప్రతూనామ్_పద్మ
ఉదయ్ గారూ చతూచక్ వారాంతపు సంతకి వెళ్ళారా ఎప్పుడైనా? వేల కొట్లు, అన్నీ ఒకేలా ఉంటాయి, సందులో సందు. మా వారి ఫోనే హాట్‌స్పాట్, ఆయన కొబ్బరి ఐస్‌క్రీమ్ దగ్గర ఆగారు, నేను గాజుల దగ్గర ఆగాను, అంతే, నా ఫోన్‌లో నెట్ లేదు, ఆయన ఎక్కడున్నారో తెలీదు. మధ్యలో గడియారం స్తంభం ఒకటుంది కాబట్టి సరిపోయింది, అరగంట దాని కింద నిలబడ్డా. పైగా హాట్‌స్పాట్ పెట్టిన ఫోన్ బ్యాటరీ మధ్యాహ్నానికే చస్తుంది. నలుగురికి కనీసం రెండుండాలి.

కోడర్_కూకట్‌పల్లి
నేనూ అదే అంటా. అత్తయ్య గారికి హోటల్ వైఫై, బయట కోడలి హాట్‌స్పాట్ చాలు. మరిదికి విడిగా కొనండి, హెచ్‌డీ వీడియో గంటకి 3 జీబీ దాకా తినేస్తుంది, ఆయన పక్కన హాట్‌స్పాట్ పెడితే మీ మ్యాప్‌కి మిగలదు. అన్‌లిమిటెడ్ అని రాసున్నవాటిలో కూడా కొంత వాడాక స్పీడ్ తగ్గించేవి ఉంటాయి. ఈసిమ్‌కి ఎక్కువగా నంబర్ ఉండదు, డేటా మాత్రమే, అందుకని గ్రాబ్ అకౌంట్ ఇక్కడే మీ నంబర్‌తో ఓపెన్ చేసి పెట్టుకోండి. థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ మర్చిపోవద్దు, 2025 మే నుంచి తప్పనిసరి, చేరడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, ఫీజు లేదు, డబ్బులడిగే సైట్ అయితే బయటికి వచ్చేయండి. అది ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఓటీపీల కోసం మన సిమ్‌కి రోమింగ్ సర్వీస్ ఆన్ చేయించి వెళ్ళాలి, డేటా మాత్రమే ఆఫ్, ప్రీపెయిడ్ వాళ్ళు ముందే ఆపరేటర్‌ని అడగండి.

బెజవాడ_బాబాయ్
చివరికి రోమింగ్ దగ్గరికే వచ్చారు!

నిడదవోలు_అమ్మాయి
వెళ్ళొచ్చేశాం, చెప్పకపోతే బాగోదని రాస్తున్నా. నాకూ మా ఆయనకీ ఈసిమ్, మరిదికి ఎయిర్‌పోర్ట్ సిమ్ (రెండో స్లాట్ ఖాళీ, చిన్నోడు గారికి థాంక్స్). తెల్లవారుజామున దిగాం. నాది విమానం ఆగకముందే పట్టేసింది. మా ఆయనది పట్టలేదు, బెల్ట్ దగ్గర నిలబడి పది నిమిషాలు ఆ కంపెనీని తిట్టారు, తీసి చూస్తే డేటా రోమింగ్ ఆఫ్. ఇక్కడ చదివిందంతా ఆయనకి చదివి వినిపించాను కూడా! ఈలోపు మరిది కౌంటర్ నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. అతనిది స్పీడ్ నిజంగానే ఎక్కువ, ఒప్పుకోవాలి, నాకు మ్యాప్‌కి తేడా తెలియలేదు. నేను 5 జీబీ ప్లాన్‌లో సగం కూడా వాడలేదు, అత్తయ్య గారికి హాట్‌స్పాట్ ఇచ్చినా. ఓటీపీ ఒక్కసారి అవసరపడింది, వచ్చింది.

బెజవాడ_బాబాయ్
మరి ఫోన్ కాల్స్?

నిడదవోలు_అమ్మాయి
అదొక్కటే బాబాయ్ గారూ. వాట్ అరుణ్ గుడి మెట్ల మీద ఉండగా నాన్నగారు మామూలు కాల్ చేశారు, ఎత్తితే ఎంత పడుతుందోనని కట్ చేసి వాట్సాప్‌లో చేశా. ఆయన ఎత్తగానే మొదటి మాట, ఆ ప్యాకేదో వేసుకునుంటే నా ఫోన్ ఎత్తేదానివి కదమ్మా, అని.