డీర్ (జింకల వేట) లైసెన్సులు ఎందుకు పడిపోతున్నాయి? మీ స్టేట్‌లో ఎవరు కొంటున్నారు?

మాడిసన్_మురళి (విస్కాన్సిన్):
అందరికీ నమస్కారం. మా దగ్గర థ్యాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలయ్యే తొమ్మిది రోజుల గన్ సీజన్ సంగతి మీకు తెలిసిందే. 1990లో ఇక్కడ గన్ డీర్ లైసెన్సులు దాదాపు 7 లక్షలు అమ్ముడయ్యాయి. ఇప్పుడు 5.5 లక్షల చుట్టూ ఆడుతున్నాయి. 2020లో కోవిడ్ వల్ల కాస్త లేచాయి, మళ్ళీ దిగాయి.

మా ప్లాంట్‌లో వేటకెళ్ళే బ్యాచ్ అంతా అరవై దాటినవాళ్ళే. వాళ్ళ పిల్లలు షికాగో, మినియాపొలిస్‌లలో స్థిరపడ్డారు. ఉత్తరాన వాళ్ళందరూ కలిసి వాడుకునే క్యాబిన్ ఈ ఏడు అమ్మకానికి పెట్టేశారు. మీ స్టేట్‌లో ఎలా ఉంది? మనవాళ్ళలో ఏటా లైసెన్స్ తీసుకుని వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పిల్లల్ని తీసుకెళ్తున్నారా? మావాడికి పన్నెండేళ్ళు, వాడే అడుగుతున్నాడు.

హిల్‌కంట్రీ_రెడ్డి (టెక్సాస్):
మురళి గారూ, ఆ ఏడుపు మీ ఉత్తరాదిది. మాకు ఏటా పది లక్షలకు పైనే హంటింగ్ లైసెన్సులు పోతాయి. ఇక్కడ భూమి తొంభై అయిదు శాతం ప్రైవేటుదే. లీజు తీసుకుని, ఫీడర్‌లో మొక్కజొన్న పోసుకుని, బ్లైండ్‌లో (జింకకి కనపడకుండా దాక్కునే గూడు) కూర్చుంటే చాలు. డీర్ విషయం ఏదైనా నన్నడగండి, ఈ ఫోరంలో నాకంటే ఎక్కువ బక్కులు (మగ జింకలు) కొట్టినవాళ్ళు లేరు.

మిషిగన్_సుబ్బు:
రెడ్డి గారూ, పది లక్షలని అంకె చెప్తే సరిపోదు. మీ స్టేట్ జనాభా ముప్ఫయ్యేళ్ళలో ఎంత పెరిగిందో పక్కన పెట్టి చూడండి, నూటికి ఎంతమంది కొంటున్నారో తెలుస్తుంది. మా మిషిగన్‌లో తొంభైలలో 7 లక్షలు దాటిన డీర్ హంటర్లు ఇప్పుడు 6 లక్షల్లోపే. నవంబర్ 15 ఓపెనింగ్ డే అంటే మా స్టేట్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలో ఇప్పటికీ చాలా బడులకు సెలవు. అయినా మా వైపు ఆ రోజు ట్రక్కులు ఏటికేడు పలచబడుతున్నాయి.

కారణం పెద్ద రహస్యం కాదు. యుద్ధం తర్వాత పుట్టిన బేబీ బూమర్లు ఎగబడి వేటాడిన తరం. అరవై అయిదు, డెబ్భై దాటాక మోకాళ్ళు సహకరించవు, ట్రీ స్టాండ్ (చెట్టుకి కట్టే మంచె) ఎక్కలేరు, ఆగిపోతారు. వాళ్ళ వెనక వచ్చిన తరాల్లో అంతమంది లేరు. లైసెన్స్ ధర తగ్గించినంత మాత్రాన పుట్టనివాళ్ళు పుట్టుకురారు కదా.

ఐ94_కిరణ్ (డాలస్):
నేను ఏటా టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ కొంటాను, ఇంతవరకు వేటకెళ్ళలేదు. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి గన్ ఉండాలంటే చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ తప్పనిసరి కాబట్టి. మా అపార్ట్‌మెంట్‌లో వరసగా దొంగతనాలు జరిగాయి, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. నాకు తెలిసి మా టీమ్‌లో ఇలా కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

పాతకాపు_ప్రసాద్ (జార్జియా):
> ఇంతవరకు వేటకెళ్ళలేదు

మురళీ, చూశావా? లెక్కల్లో ఇలాంటి కాగితపు వేటగాళ్ళు కలుస్తున్నారు. టెక్సాస్ పెరిగిందంటే ఎవరు పెరిగినట్టు? అడవి మొహం చూడనివాళ్ళు కూడా అందులో ఉన్నారు. మేము చలిలో చెట్టెక్కి కూర్చుని తీసుకునే కాగితం అది. దాన్ని గన్ షాపులో చూపించడానికి మాత్రమే కొనడం నాకు నచ్చదు.

ఐ94_కిరణ్:
నచ్చకపోతే చట్టం మార్చమని మీ కాంగ్రెస్‌మన్‌ని అడగండి సార్. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాడికి గన్ నిషేధమని రాసిందీ వాళ్ళే, హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపని రాసిందీ వాళ్ళే. గన్ కొనేటప్పుడు నింపే ఫారం 4473లో ఆ ప్రశ్న ఉంటుంది, దేశంలోకి వచ్చినప్పటి ఐ-94 నంబర్ కూడా రాయాలి. నేను దొంగచాటుగా ఏమీ చేయలేదు. మీకు గ్రీన్‌కార్డ్ వచ్చింది కాబట్టి ఈ బాధ గుర్తులేదు.

హిల్‌కంట్రీ_రెడ్డి:
కిరణ్ తమ్ముడూ, ఏటా డబ్బు తగలెయ్యకు. గన్ కొనే రోజు లైసెన్స్ ఉంటే చాలు. తర్వాత షాపువాడు నీ ఇంటికొచ్చి అడగడు. ఇక్కడ ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నా.

పాతకాపు_ప్రసాద్:
రెడ్డి గారూ, దయచేసి ఇలాంటివి రాయకండి, ఎవడి కొంపో మునుగుతుంది. చట్టం కొనడం ఒక్కదాని గురించే చెప్పలేదు, దగ్గర ఉంచుకోవడం గురించి కూడా చెప్పింది. లైసెన్స్ గడువు దాటిన మర్నాడు ఆ గన్ అల్మరాలో ఉన్నా ఫెడరల్ నేరమే. మీ టెక్సాస్‌లో హంటింగ్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జూలైలో కొన్నవాడు ఏడాది ఉంటుందనుకుంటాడు, ఉండదు. వీసా మీద ఉన్న కుర్రాడికి అలాంటి కేసు పడితే గ్రీన్‌కార్డ్ సంగతి దేవుడెరుగు, ఉద్యోగమూ ఉండదు, దేశమూ ఉండదు. కిరణ్, నువ్వు ఏటా కొనడమే కరెక్టు. నీ మీద నాకున్న అభ్యంతరం వేరు, ఈ విషయం వేరు.

హిల్‌కంట్రీ_రెడ్డి:
మీరు లాయరా? నేను ఇన్నేళ్ళలో ఒక్కడినీ అరెస్ట్ చేయగా చూడలేదు.

పాతకాపు_ప్రసాద్:
అరెస్ట్ అయినవాడు మీ లీజుకొచ్చి చెప్పడు. తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వాళ్ళే ప్రశ్న, జవాబు రూపంలో రాసిపెట్టారు, చదవండి.

మిషిగన్_సుబ్బు:
కాగితపు వేటగాళ్ళని తిట్టేముందు ఒక సంగతి. 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద 11 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంది, పిస్టళ్ళ మీద 10 శాతం. ఆ డబ్బులో వన్యప్రాణులకు పోయే వాటాని స్టేట్లకి పంచేటప్పుడు సగం విస్తీర్ణాన్ని బట్టి, సగం లైసెన్స్ ఉన్నవాళ్ళ సంఖ్యని బట్టి పంచుతారు. స్టేట్ ఒక డాలర్ పెడితే ఫెడరల్ మూడు డాలర్లు ఇస్తుంది. అంటే కిరణ్ అడవికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆయన కొన్న లైసెన్స్ టెక్సాస్ వాటాలో లెక్కకొస్తుంది. ఆయన కొన్న గన్ మీద పన్నూ అక్కడికే చేరుతుంది. మా స్టేట్లు లైసెన్సులు తగ్గుతున్నాయని గగ్గోలు పెట్టేది అందుకే. చిత్తడి నేలల మరమ్మతు, జింకల సర్వే, అన్నీ చాలావరకు ఈ డబ్బుతోనే నడుస్తాయి.

పిట్స్‌బర్గ్_పద్మ:
ఇంతసేపు మగవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. 2016 జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద వేటగాళ్ళు 1.15 కోట్ల మంది, అందులో ఆడవాళ్ళు పదిమందికి ఒకరు. మా హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత నేర్పే కోర్సు) క్లాసులో అయితే మూడో వంతు మేమే. తగ్గేది ముసలి మగవాళ్ళు, కొత్తగా వచ్చేది మేము. అయినా షాపుకెళ్తే నా సైజులో బిబ్స్ (భుజాల మీదుగా వేసుకునే వేట ప్యాంట్లు) దొరకవు. బూట్లు మగపిల్లల సెక్షన్‌లో కొనుక్కున్నాను. మురళి గారి విస్కాన్సిన్‌లో 2016లో వేటలో అందరికీ కనపడేలా వేసుకునే ఆరెంజ్‌కి బదులు గులాబీ రంగు వేసుకోవచ్చని చట్టం చేశారు. మాకు కావలసింది రంగు కాదండీ. సరిపోయే బట్టలు, వెంట తీసుకెళ్ళి నేర్పే మనిషి.

ఇంకోటి. మా పెన్సిల్వేనియాలో 1980ల మొదట్లో 12 లక్షలు దాటిన లైసెన్సులు ఇప్పుడు 9 లక్షలకి దిగువన ఉన్నాయి. మొన్నమొన్నటిదాకా డో (ఆడ జింక) లైసెన్స్ కావాలంటే గులాబీ కవర్‌లో చెక్కు పెట్టి, స్టాంపులు అతికించి, కౌంటీ ట్రెజరర్‌కి పోస్టు చేయాల్సి వచ్చేది. 2023లో ఆన్‌లైన్ చేశారు. ఇరవయ్యేళ్ళ పిల్లలు ఎందుకు రావడం లేదని అడిగేవాళ్ళు ఆ కవర్ ఒకసారి చూడాల్సింది.

పాతకాపు_ప్రసాద్:
పద్మ గారూ, మీ దగ్గర థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం ఉండే ఓపెనింగ్ డేని 2019లో శనివారానికి మార్చారు కదా. దానివల్ల క్యాంపులు చచ్చిపోయాయని అక్కడి నా స్నేహితుడు ఇప్పటికీ బాధపడతాడు.

పిట్స్‌బర్గ్_పద్మ:
క్యాంపు ఉన్న మగవాళ్ళకి సోమవారం పండగ. ఉద్యోగం చేసే ఆడదానికి, కాలేజీ పిల్లలకి శనివారమే వీలు. నేను మొదలుపెట్టిందే శనివారం అయ్యాక.

నిర్మల్_పోరడు (ఒహాయో):
రెడ్డన్నా, మీ హిల్ కంట్రీల ఆక్సిస్ డీర్ అని కొడతరు గద, అది మన చుక్కల దుప్పి. మా కవ్వాల్ అడవిల తిరిగేదే. తెలంగాణ రాష్ట్ర జంతువు. దాన్ని కాల్చి ఫోటోలు పెట్టుడు ఏంది? నాకు మనసుకు మస్తు కష్టమైంది. వైట్‌టెయిల్ (తెల్లతోక జింక) వేరే ముచ్చట, గవి ఇక్కడియే.

హిల్‌కంట్రీ_రెడ్డి:
తమ్ముడూ, అవి 1930లలో ఇక్కడికి తెచ్చి వదిలినవి. ఇక్కడ పులి లేదు, రేచుకుక్క లేదు. పెరిగిపోయి వైట్‌టెయిల్ మేత తినేస్తున్నాయి. అందుకే ఎగ్జాటిక్ అంటారు, సీజన్ లేదు, లిమిట్ లేదు. హంటింగ్ లైసెన్స్ మాత్రం కావాలి. కృష్ణజింక కూడా అంతే, మీకు దుప్పి ఎలాగో ఆంధ్రాకి అది రాష్ట్ర జంతువు. అక్కడ 1972 చట్టం కింద జైలు, ఇక్కడ రాంచ్ వాళ్ళు డబ్బు తీసుకుని కొట్టిస్తారు. ఇక్కడ కొట్టకపోతే వాటికి తిండి చాలక, ఈనిన పిల్లలు బక్కచిక్కి చస్తాయి.

నిర్మల్_పోరడు:
తెచ్చి వదిలింది మనుషులే, సంపేది మనుషులే. దుప్పి చేసిన తప్పేంది? చట్టం ఒప్పుకున్నది కాబట్టి నువ్వు కొడతవ్, నేను ఆపలేను. కానీ ఆ ఫోటో మన తెలుగు గ్రూపుల పెట్టకు అన్నా. ఊర్ల నా తమ్ముడు బీట్ ఆఫీసర్. ఉచ్చులు ఏరుకుంట రాత్రిళ్ళు అడవిల తిరుగుతడు. వానికి నేనేం జెప్పాలె?

హిల్‌కంట్రీ_రెడ్డి:
మీ తమ్ముడి మీద గౌరవం ఉంది. ఉచ్చు వేసేవాడికీ నాకూ పోలిక పెట్టకండి, అది మాత్రం ఒప్పుకోను. నేను ట్యాక్స్ కట్టి, లైసెన్స్ కొని కొడుతున్నా.

షార్లెట్_చిన్ని:
మాకు వేట రాదు. ఎవరైనా జింక మాంసం కిలోల్లెక్కన అమ్ముతారా? మా అత్తగారు పచ్చడి పడతారు.

మిషిగన్_సుబ్బు:
అమ్మకూడదమ్మా, అడవి జింక మాంసం అమ్మడం నేరం. ఊరికే ఇవ్వొచ్చు. మార్కెట్ కోసం కొట్టీ కొట్టీ 1900 నాటికి దేశంలో వైట్‌టెయిల్స్ 5 లక్షలకి పడిపోయాయి. ఆ అమ్మకం ఆపాకే ఇప్పుడు దాదాపు 3 కోట్లయ్యాయి.

సియాటిల్_శ్రీను:
అసలు తగ్గుదలే లేదు. 2022 సర్వేలో వేటగాళ్ళు 1.44 కోట్లు. పద్మ గారు చెప్పిన 2016 అంకెతో పోల్చుకోండి.

మిషిగన్_సుబ్బు:
పోల్చకూడదు శ్రీనూ. 2022లో సర్వే చేసే పద్ధతే మార్చారు, పాతవాటితో పోల్చవద్దని వాళ్ళే రాశారు. పాత పద్ధతిలో 1982కి దాదాపు 1.7 కోట్లు, 2016కి 1.15 కోట్లు. 2016లో వాళ్ళలో 97 శాతం తెల్లవాళ్ళు. దేశం మారుతోంది, అడవికెళ్ళేవాళ్ళు మారడం లేదు. అసలు సమస్య అది. మినసోటా, విస్కాన్సిన్‌లలో లావోస్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ హ్మాంగ్ వాళ్ళు మాత్రం తాత నుంచి మనవడి దాకా వెళ్తారు. వాళ్ళని చూసి మనవాళ్ళు నేర్చుకోవాలి.

మాడిసన్_మురళి:
అందరికీ థ్యాంక్స్. కానీ నా పిల్లవాడి సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఇంకొకటి కూడా కలుపుతాను. మా ఊరి పక్కన మౌంట్ హోరెబ్ దగ్గర 2002లో సీడబ్ల్యుడీ (జింకల మెదడుకి వచ్చే ప్రాణాంతక జబ్బు) బయటపడ్డప్పుడు ఆ ఒక్క ఏడాదే లైసెన్సులు పది శాతం దాకా పడిపోయాయి. ఇప్పుడు జనం అలవాటుపడ్డారు. తలని మెడతో సహా కోసి, సంచిలో పెట్టి, ఫారం నింపి, పరీక్ష కోసం పెట్టిన కియోస్క్‌లో పడేసి వస్తారు. రిజల్ట్ వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే. పాజిటివ్ అయితే తినొద్దని సీడీసీ చెప్తుంది. మా ఆవిడకి అదే భయం.

పిట్స్‌బర్గ్_పద్మ:
మురళి గారూ, ఆ భయం సబబే. నెగటివ్ వచ్చేదాకా వండకండి. బాబు సంగతి, మీ దగ్గర కనీస వయసు 2017లో ఎత్తేశారు. కోర్సు చేయకపోయినా మెంటర్ (వెంట ఉండి నేర్పే పెద్దవాళ్ళు) చేతికందే దూరంలో ఉంటే వెళ్ళొచ్చు. అయితే 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళెవరైనా మెంటర్‌గా ఉండాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పాసై ఉండాలి. కాబట్టి ముందు మీరు కోర్సు చేయండి, ఇద్దరూ కలిసి చేస్తే ఇంకా మంచిది. అక్టోబర్‌లో పిల్లల వీకెండ్ ఉంటుంది, అడవిలో రద్దీ తక్కువ, చలి తక్కువ. ఆ క్యాబిన్ అమ్మేస్తున్న పెద్దాయన్ని ఒక్కసారి అడగండి. తన పిల్లలు రాని చోటికి మీ పిల్లవాడు వస్తానంటే కాదనడు.

చిన్ని గారూ, పచ్చడికి వెనక తొడ ముక్క బాగుంటుంది. పైన ఉండే తెల్లపొర పూర్తిగా తీసేయమనండి, లేకపోతే ఎంత వేయించినా నమలలేరు.

షార్లెట్_చిన్ని:
థ్యాంక్స్ అక్కా. ముక్కలు ముందు ఉడికించాలా, నేరుగా నూనెలో వేయాలా?

ఐ94_కిరణ్:
ప్రసాద్ గారూ, ఆగస్టు 31 సంగతి మా టీమ్‌లో ఇద్దరికి తెలియదు, ఇప్పుడే చెప్పాను. కొత్త ఏడాది లైసెన్సులు ఎప్పటి నుంచి ఇస్తారు?

పాతకాపు_ప్రసాద్:
టెక్సాస్‌లో ఆగస్టు 15 నుంచి అమ్ముతారు, సెప్టెంబర్ 1 నుంచి చెల్లుతుంది. ఆఖరి రోజు దాకా ఆగొద్దని చెప్పు. కోర్సు చేసి నవంబర్‌లో ఒకసారి ఇటు రా, మా క్లబ్‌లో ఒక స్టాండ్ ఖాళీగా ఉంది.