పాత కారు ఏసీకి ఇంటి దగ్గరే గ్యాస్ ఎక్కించవచ్చా?

అమలాపురం నుంచి:
2006 మోడల్ చిన్న కారు, ఆర్134ఏ గ్యాస్. నిరుడు వేసవిలో ఎక్కించిందే, ఇప్పటికి చల్లదనం పోయింది. కంప్రెసర్ క్లచ్ పట్టి వెంటనే వదిలేస్తోంది. గేజీలు, 450 గ్రాముల డబ్బా ఉన్నాయి. వాక్యూమ్ పంపు లేదు. పైన కొంచెం గ్యాస్ వేస్తే చాలా అండి?

భీమవరం నుంచి:
చాలదండి. ఏసీ గ్యాస్ వాడితే తరిగేది కాదు, ఏడాదిలో పోయిందంటే గట్టిగానే లీకవుతోంది. ముందు కండెన్సర్ (రేడియేటర్ ముందు ఉండి, గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) చూడండి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బళ్లకి ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిరాలిపోతాయి. కోతలప్పుడు పట్టే వరిగడ్డి, ఊక కింది వరసల్లో తడిని పట్టి ఉంచుతాయి, చిల్లు ఎక్కువగా అక్కడే పడుతుంది. కంప్రెసర్ నూనె గ్యాస్‌తో పాటే బయటికొస్తుంది కాబట్టి జిడ్డు మరక కనబడ్డచోట సబ్బు నురగ పెట్టండి. పైపుల అతుకుల్లోని ఓ-రింగులు (రబ్బరు రింగులు), గ్యాస్ ఎక్కించే పోర్టుల్లోని వాల్వు పిన్నులు, కంప్రెసర్ షాఫ్ట్ సీలు వదలొద్దు. అన్నీ పొడిగా ఉంటే అనుమానం డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మీదే. లీకు మూసే మందు మాత్రం పోయొద్దు, గ్యాస్‌ని సన్నటి దారిలోంచి ఆ కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు పూడిపోతుంది.

కాకినాడ నుంచి:
పైపు విప్పితే డ్రయ్యర్ (లోపలి తేమ పీల్చే డబ్బా) మార్చాల్సిందే, కొత్తదాని మూతలు బిగించే ముందు మాత్రమే తీయండి. మన గాలిలో తేమ ఎక్కువ. అది లోపల మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకడుతుంది: కాసేపు చల్లగా వచ్చి ఆగిపోతుంది, బండి ఆపి మళ్లీ వేస్తే వస్తుంది. అందుకే పంపు అద్దెకైనా తెచ్చి లోపలి గాలి, తేమ 45 నిమిషాలు లాగండి. గేజీ ముల్లు వాక్యూమ్ వైపు 29 అంగుళాల (పాదరసం కొలత) దగ్గరికి రావాలి, వాల్వులు మూశాక అరగంట కదలకూడదు.

డబ్బాకి తగిలించే పసుపు గొట్టంలో గాలి వదిలేసి, ఇంజిన్ ఆపి ఉండగానే కొంత గ్యాస్ పోనివ్వండి. తర్వాత ఇంజిన్ వేసి, ఏసీ ఫుల్లు పెట్టి, తలుపులు తెరిచి, గేజీల మీది నీలం వాల్వు (తక్కువ ఒత్తిడి వైపు, అంటే లో) కొద్దికొద్దిగా తిప్పండి. డబ్బా నిలువుగానే ఉండాలి. తలకిందులు చేస్తే ద్రవం వెళ్లి కంప్రెసర్ దెబ్బతింటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర వాల్వు (ఎక్కువ ఒత్తిడి వైపు, అంటే హై) ముట్టుకోవద్దు, ఆ ఒత్తిడికి డబ్బా పేలుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పవు. డబ్బాని తూకం మీద పెట్టి, బానెట్ కింద స్టిక్కర్ చెప్పిన గ్రాములే ఎక్కించండి.

అమలాపురం నుంచి:
ఓ-రింగు మార్చాను, వాక్యూమ్ నిలిచింది, తూకం ప్రకారం ఎక్కించాను. రోడ్డు మీద చల్లగా ఉంది, ఆగితే వేడిగాలి. నిలబడ్డప్పుడు లో 50, హై 300 పీఎస్ఐ. గ్యాస్ ఎక్కువైందా?

భీమవరం నుంచి:
తూకం సరిపోయింది కదా, గ్యాస్ తీయకండి. 35 డిగ్రీల ఎండలో సుమారుగా లో 30–40, హై 200–250 మధ్య ఉండాలి. కండెన్సర్ మీద నీళ్లు పోయండి. హై వెంటనే దిగితే గాలి చాలట్లేదన్నమాట. ఏసీ వేయగానే ఫ్యాన్ తిరుగుతోందో లేదో, తిరిగినా వేగం ఉందో లేదో చూడండి. ఫ్యూజు, రిలే బాగుంటే మోటారు బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. ఫ్యాన్ కూడా బాగానే ఉంటే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కున్న ఊకని ఇంజిన్ వైపు నుంచి తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. బలంగా కొడితే రెక్కలు వంగిపోతాయి.