నాలుగో తరగతి మేడ మీద: గది కిందికి మార్చుమందామా, బడే మార్చుదామా?

హన్మకొండ_నాన్న
మా బిడ్డకు తొమ్మిదేండ్లు. సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు బిగుసుకుంటయి, స్ప్లింట్లు ఏసుకోని వాకర్‌తోని నడుస్తది. చదువుకు ఫికర్ లేదు, ఎక్కాలు గడగడ అప్పజెప్తది. మూడో తరగతి దాకా కింద గది. ఈ జూన్ నుంచి మేడ మీద, 22 మెట్లు. హెచ్చెం సారేమో "రోజూ ఎత్తుకపోయే మనిషిని పెట్టుకోండ్రి, లేకుంటే భవిత కేంద్రంల (ప్రత్యేక అవసరాల పిల్లల సర్కారు కేంద్రం) ఏయండ్రి" అన్నడు. గది కిందికి మార్చుమనుడు తప్పా?

చాక్‌పీస్_సారు
అన్నా, ఇరవై రెండేండ్ల సర్వీసు నాది. ర్యాంపు లెక్క తెలుసా మీకు? అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగు. మేడ పదకొండడుగులుంటే 132 అడుగులు, నడుమ ఆగే జాగ వేరే. మా బడిలనైతే ప్రహరీ దాటి రోడ్డు మీదికొస్తది.

గీసుగొండ_గట్టు
సారూ, ర్యాంపు ఎవరడిగిండ్రు? గది మార్చుమంటున్నడు.

చాక్‌పీస్_సారు
గది మార్చుతే ఒకటో తరగతి పోరగాండ్లను మేడెక్కియ్యాల్నా? పడితే ఎవరు జవాబు?

జనగామ_77
చుక్కలు ఏయించలేదా చిన్నప్పుడు?

ఫిజియో_అక్క
తమ్మీ, అది పోలియో కాదు. పోలియోల కాలు మెత్తబడి సన్నగైతది. దేశంల ఆఖరి కేసు 2011 జనవరిల. ఇది మెదడుకు తగిలిన దెబ్బ, అందుకే కండరం బిగుసుకుంటది. ఆ దెబ్బ పెరగదు గని పిల్ల పెరుగుతది గద. ఎముక సాగినంత తొందరగ కండరం సాగది, మడిమె లేస్తది. అందుకే సాగదీసుడు, స్ప్లింటు. రెయిలింగ్ పట్టుకోని రెండు మెట్లెక్కుడు మంచిదే. సంచి ఏసుకోని రోజుకు నాలుగుసార్లు 22 మెట్లంటే మాత్రం పాఠం ఇనే ఓపిక మెట్ల మీదనే అయిపోతది.

మూడుచక్రాలు
సదరం సర్టిఫికెట్ల వైకల్యం 40 శాతం గాని అంతకన్న ఎక్కువ గాని ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరేండ్ల నుంచి పద్దెనిమిదేండ్ల దాకా దగ్గరి బడిల ఫ్రీ చదువు హక్కు. ప్రత్యేక బడికి పోవాల్నంటే గూడ పిల్ల ఇష్టం, హెచ్చెంది కాదు. భవితకు కసరత్తుకు పొమ్మను, బడి ఇడిచిపెట్టి కాదు.

చాక్‌పీస్_సారు
చట్టం చదివినోళ్లు ఒక్కరోజొచ్చి ఐదు తరగతులకు ఇద్దరు సార్లతోని బడి నడిపి చూపెట్టుండ్రి. ఎత్తుకపోతే తప్పేంది? మా దగ్గర పెద్ద పిల్లలు సంబరంగ ఎత్తుకపోతరు.

మూడుచక్రాలు
సంబరమా?
నాది పోలియో కాలు. మా అన్న నన్ను ఈపు మీద ఏసుకపోయేటోడు. వాని బడి అవతలి ఊర్లె. నన్ను దింపి పోయేసరికి రోజూ లేటు, రోజూ గుంజీలు. ఎనిమిదిల మానేసిండు. ఇప్పుడు సెంట్రింగ్ పని, నేను ఆఫీసుల క్లర్కును. పండుగకు ఎదురుంగ కూసోని తింటం, ఆ ముచ్చట మాత్రం ఇద్దరం తియ్యం. మోసేటోనికి సంబరమో కాదో మీరు చెప్పకుండ్రి సారూ.

గీసుగొండ_గట్టు
🙏

చాక్‌పీస్_సారు
(రాత్రి) పొద్దున నుంచి రాయాల్నా వద్దా అనుకుంటున్న. నా భయం మెట్లు కాదు. ఒక ఏడు మా బడిల గిట్లాంటి పిల్లనే ఉండె. మేం ఇద్దరం మగోళ్లమే, ఆయమ్మ లేదు. బాత్రూంకు ఎవరు తీస్కపోవాలె? ఆ పిల్ల పొద్దున నుంచి నీళ్లు ముట్టకుండ కూసునేది. నాకు తెలుసు. తెలిసీ ఊకున్న. మల్ల అట్లాంటి పిల్లొస్తదంటే ర్యాంపు లెక్కలే నోట్లెకొస్తయి.

ఫిజియో_అక్క
నీళ్లు తాగకపోతే మూత్రంల ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం. ఈ పిల్లలకు రెండోది ముందే ఉంటది. కమోడ్, గోడకు పట్టుకునే రాడ్డు, ఒక ఆడమనిషి. గదికన్న ముందు ఇదడగాలె.

చాక్‌పీస్_సారు
హన్మకొండ అన్నా, దరఖాస్తు రాస్తే ఆయమ్మ సంగతి మొదటి లైన్ల పెట్టు. ఒక నకలు మండల ఆఫీసుకు పంపు. రాసుడు రాకుంటే నేను రాసిస్త.

హన్మకొండ_నాన్న
సారూ, మా బిడ్డ రోజూ నీళ్ల సీసా నింపినట్టే వాపస్ తెస్తది. ఇంటికొచ్చి గడపల నిలవడే గటగట తాగుతది. ఎండలకనుకున్నం.