వీలునామా కేసుకి లాయరు: తెనాలిలో ఎవరిని పట్టుకోవాలి?

కార్తీకంలో నాన్నగారు కాలం చేశారు. తెల్లకాగితం మీద వీలునామా రాశారు, రిజిస్టరు కాలేదు. రెండెకరాల మాగాణి, పెంకుటిల్లు, బ్యాంకులో డిపాజిట్లు. సాక్షుల్లో ఒకాయన పోయారు, రెండో ఆయన మా ఊరి రిటైర్డు హెడ్మాస్టరు, 81 ఏళ్లు. మా అక్క సంతకం నాన్నది కాదంటోంది. చూసిన లాయరు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి అన్నాడు, ఫీజు ఆస్తిలో ఐదు శాతమట. ఒప్పుకోమంటారా?

వెంకటరమణ: ఒప్పుకోకండి బాబూ. కేసు గెలిస్తే వచ్చే దాంట్లో వాటా మాట్లాడుకోవడం లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. మన గుంటూరు జిల్లా ఆస్తికి ప్రొబేట్ తప్పనిసరి కాదు. రిజిస్టరు కానంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదు, రాసినాయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. కానీ గొడవొస్తే బతికున్న ఆ సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి. మీ మాస్టారి గురించి అడగకుండానే ఫీజు మాట్లాడాడంటే నాకైతే నమ్మకం కుదరలేదు.

పద్మజ: మా మామగారి విషయంలో లాయరమ్మ ముందు అసలు కాగితం చూపించమని, సాక్షి నడవగలడా అని అడిగింది. అసలు మాత్రం ఉంచుకోలేదు, జిరాక్సు తీసుకుని వెనక్కిచ్చేసింది. ఎవరికైనా అసలు ఇవ్వాల్సొస్తే రసీదు రాయించుకోండి. నాన్నగారి పాత బ్యాంకు కాగితాల మీద సంతకాలు కూడా వెతికి పెట్టుకోండి.

అడిగినవాడిని: మాస్టారిని ఇప్పుడే కలిసొచ్చా. "పెన్ను నాదేరా, మీ నాన్న తిరిగివ్వలేదు" అన్నారు.

వెంకటరమణ: అదే కోర్టులో చెప్పించండి!