కాలనీ మట్టి రోడ్డు ఏటా పాడవుతోంది: ముందు మొరం వేయాలా, కాలువ తీయాలా?

ప్రశ్న (పర్లాకిమిడి శివారు నివాసి)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి పట్టణాన్ని ఆనుకుని పంచాయతీ పరిధిలో ఉన్న లేఅవుట్. ఒకప్పటి వరి పొలాలను ప్లాట్లు చేసి అమ్మినప్పుడు మధ్యలో ఇరవై అడుగుల దారి వదిలి, అందులో పన్నెండు అడుగుల మేర పలుచగా మొరం పరిచారు. దారి పొడవు సుమారు 600 అడుగులు. ఒక చివర తారు రోడ్డులో కలుస్తుంది, రెండో చివర చెరువు వైపు పల్లానికి దిగుతుంది. పల్లపు భాగంలో వాననీరు దారిని నిలువునా కోసేస్తోంది. మిగిలిన భాగంలో మాత్రం నీరు ఎటూ పోక నిలిచిపోయి, జూన్ నెలాఖరుకే గుంతలు పడుతున్నాయి.

ఇళ్ల వాళ్లమంతా ఏటా చందాలు వేసుకుని కొన్ని ట్రాక్టర్ల మొరం తెప్పించి గుంతల్లో పోయిస్తున్నాము. దసరా నాటికి అది కూడా బురదలో కలిసిపోతోంది. ఈసారి కాస్త ఎక్కువ మొత్తమే పోగైంది. దానితో దళసరిగా మొరం వేయించాలని కొందరు, ముందు కాలువలు తీయించాలని కొందరు, ఏమీ చేయకుండా సిమెంటు రోడ్డు వచ్చేదాకా ఆగాలని ఇంకొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు ఏ పని ముందు చేయాలో, ఎలా చేయించాలో వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం (రిటైరైన ఇంజనీరు, గ్రామీణ రహదారులు, రాయగడ)

కాలువే ముందు, ఇందులో సందేహం అక్కరలేదు. మట్టి రోడ్డుకు బండ్ల వల్ల కలిగే నష్టం తక్కువ. బండ్లు తొక్కే సమయానికి రోడ్డులో నీరు నిలిచి ఉండటం వల్ల కలిగే నష్టమే ఎక్కువ. వేసవిలో ఇటుకల లారీని మోసిన దారే, అడుగున ఉన్న పొలం బంకమన్ను నానిన తరువాత మోటారు సైకిలు చక్రానికి కూడా కుంగిపోతుంది. రోడ్డు మీద పడిన నీరు అంచుకు జారాలి, అంచుకు జారిన నీరు కాలువలో సాగాలి, కాలువలోని నీరు ఎక్కడో ఒకచోట బయటపడాలి. మీ దారికి మొదటి రెండూ లేవని మీరు రాసినదాన్ని బట్టే తెలుస్తోంది. మూడోదాని గురించి మీరు ఒక్క మాటా రాయలేదు కాని, అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది అదే.

రోడ్డు మధ్య భాగం ఎత్తుగా, అంచులు పల్లంగా ఉండాలి. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన పడే ప్రాంతాల్లో మొరం రోడ్డుకు ఈ వాలు 4 శాతం, వట్టి మట్టి రోడ్డుకు 5 శాతం ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గ్రామీణ రహదారుల నిబంధనలు చెబుతాయి. మన వైపు వాన ఆ కోవకే చెందుతుంది. మీ పన్నెండు అడుగుల రోడ్డులో మధ్య నుంచి అంచుకు 72 అంగుళాలు కనుక, అణిగిన తరువాత మధ్య భాగం అంచు కంటే మూడు అంగుళాలు ఎత్తుగా నిలవాలి. సిమెంటు రోడ్డుకు ఇందులో సగం వాలు చాలు కాబట్టి, వాటికి అలవాటు పడిన కంటికి ఇది తాబేలు వీపులా కనిపిస్తుంది. ఎవరు ఏమన్నా తగ్గించనివ్వకండి. సరిచూసుకోవడానికి ఆరడుగుల చెక్క బద్ద తీసుకుని, ఒక చివర అడుగున మూడంగుళాల దిమ్మ బిగించి, ఆ చివర రోడ్డు అంచు మీద, రెండో చివర రోడ్డు మధ్యలో పెట్టండి. బద్ద మీద ఉంచిన రసమట్టంలో బుడగ నడుమకు వస్తే వాలు సరిపోయినట్టే.

అంచులలో గడ్డి మొలిచి, చక్రాలు తోసిన మొరం అక్కడ పోగుపడి, సన్నని గట్టులా తయారవుతుంది. మధ్యలో ఎంత ఎత్తు పెట్టినా ఈ గట్టు ఉంటే నీరు కాలువలోకి దిగదు. చాలా చోట్ల కొత్త మొరం అవసరమే ఉండదు. ఈ గట్టును చెక్కి, ఆ మొరాన్నే మధ్యకు లాగితే సగం పని అయిపోతుంది.

కాలువ విషయానికి వస్తే, రెండు వైపులా నాలుగేసి అడుగుల జాగా ఉంది కనుక, అడుగున ఒక అడుగు, పైన నాలుగు అడుగుల వెడల్పుతో అడుగున్నర లోతు వాలు గోడల కాలువ తీయవచ్చు. కాలువ అడుగు భాగం మొరం పొర అడుగు కంటే కిందకు ఉండాలి. లేకపోతే కాలువలో నిలిచిన నీరే తిరిగి రోడ్డులోకి ఊరుతుంది. కాలువకు కనీసం 200 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉండాలి, అంటే మీ 600 అడుగులకు మూడు అడుగులు. అంత దింపు దొరుకుతుందో లేదో జేసీబీ పిలవక ముందే, మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన నీటి గొట్టంతో చూసుకోండి. తవ్వకం ఎప్పుడూ పల్లపు చివర నుంచి మొదలుపెట్టి మెరకకు రావాలి. పై నుంచి మొదలుపెట్టి, వాన వచ్చే సమయానికి సగంలో ఆగిపోతే, అప్పటి దాకా రోడ్డంతా పరుచుకున్న నీటిని ఒకరి వాకిట్లో పోసినట్టు అవుతుంది.

చెరువు వైపు దిగే భాగంలో మీ సమస్య వేరు. అక్కడ నీరు ఆగడం లేదు, మరీ వేగంగా పోతోంది. కాలువలో అక్కడక్కడా అడ్డంగా రాళ్లు పేర్చి, మధ్యలో కాస్త పల్లంగా వదిలితే, నీరు ఆగి ఆగి దిగుతుంది. రాళ్లు కాలువ గట్లలోకి కూడా చొచ్చుకుని ఉండాలి. అలా కాకపోతే నీరు పక్కల నుంచి కోసుకుపోతుంది.

సమాధానం (పనులు చేయించే మేస్త్రి, గుణుపురం)

ఇంజనీరు గారు చెప్పినదానికి సామాను, కూలి పని గురించి నాకు తెలిసినది జోడిస్తాను. మొరం ఎర్రగా ఉన్నంత మాత్రాన మంచిది కాదు. గులకరాయి, ఇసుక, కొద్దిగా బంక, మూడూ కలిసి ఉంటేనే అణిగి గట్టిపడుతుంది. బంక ఎక్కువైతే వానకు జారుతుంది, అసలు లేకపోతే ఎండకాలంలో వదులై చక్రాల కింద కరకరలాడుతూ అలలు అలలుగా లేస్తుంది. ఒక గాజు సీసాలో సగం మొరం, మిగతా నీరు పోసి బాగా కుదిపి నిలబెట్టండి. రాళ్లు, ఇసుక అడుగుకు చేరి, బంక పైన పలుచని పొరగా తేలితే పనికి వస్తుంది. పై పొరే దళసరిగా ఉంటే ఆ క్వారీ వదిలి మరో చోటు చూసుకోండి. వంశధార ఒడ్డున దొరికే నున్నని గులకరాళ్లను చవక అని తెచ్చి పైపొరగా వేస్తే అవి ఒకదానినొకటి పట్టుకోవు. పగలగొట్టిన ఇటుకలు, పాత ప్లాస్టరు పెళ్లలు అసలే వద్దు.

లెక్క ఇలా వేసుకోండి. 600 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, అణిగిన తరువాత నాలుగు అంగుళాల మందం అంటే 2,400 ఘనపుటడుగులు. వదులుగా వచ్చే మొరం అణిగితే తగ్గుతుంది కనుక 3,100 దాకా తెప్పించాలి. ట్రాలీకి వంద ఘనపుటడుగులు పడితే ముప్ఫై ఒక్క ట్రాలీలు. మొదటి ట్రాలీని టేపుతో కొలిచాకే మిగతావి దింపించండి. ట్రాలీ లెక్కన బేరమాడిన చోటల్లా ట్రాలీ చిన్నదవుతుంది. రాయల్టీ కట్టిన రసీదు, రవాణా పర్మిటు లేని మొరం దారిలో పట్టుబడితే మీ చందా డబ్బు కూడా దానితో పాటే ఆగిపోతుంది.

పాత రోడ్డు మీద నేరుగా పోయించకండి. ట్రాక్టరు కల్టివేటరుతో గుంతల అడుగు దాకా దున్నించి, గుంతలు పూర్తిగా మాయమైన తరువాతే కొత్తది కలపాలి. అడుగు కదల్చకుండా పైన పోస్తే, అవే గుంతలు అవే చోట తిరిగి లేస్తాయి. తరువాత బ్లేడుతో మధ్యకు లాగి, తడిపి, ఎనిమిది నుంచి పది టన్నుల రోలరుతో అంచు నుంచి మధ్యకు తొక్కించాలి. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి నీరు అంటకూడదు. తడి అంత ఉంటే చాలు. అందుకే ఈ పనికి నడివేసవి కంటే వానలు వెనకపట్టిన అక్టోబరు, నవంబరు నెలలు మేలు. మే నెలలో ఒక జల్లు పడిన తరువాత కూడా చేయవచ్చు, కాని ట్యాంకరు ఖర్చు అదనం.

మళ్లీ ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన తరువాత చూస్తే, కాలువకు జాగా కాగితం మీదే ఉంది. చాలామంది గేటు ముందు మట్టి పోసి ర్యాంపులు కట్టుకున్నారు. కొన్ని ఇళ్ల స్నానాల నీరు నేరుగా దారి మీదకే వస్తోంది. చెరువులోకి పోయే పాత పొలం కాలువ చివరి ప్లాటు పక్కగా ఉంది. ఆ ప్లాటు యజమాని అది తన స్థలమేనంటూ పూడ్చే ప్రయత్నంలో ఉన్నారు. ఇవి మాలో మేము మాట్లాడుకుని తేలేటట్టు లేవు.

సమాధానం (మాజీ వార్డు మెంబరు, కాశీనగర్)

మాస్టారూ, ముందు ఆ పొలం కాలువ సంగతి చూడండి. అది మూసుకుపోతే మిగతా పనంతా వృథా. ఒడిశా భూ రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో మీ మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాటు నంబరు కొట్టి చూస్తే, అది సర్కారు ఖాతాలో ఉందో, ప్రైవేటు ఖాతాలో ఉందో, కిసం (భూమి రకం) దగ్గర నాళా, అంటే కాలువ, అని రాసి ఉందో లేదో తెలుస్తుంది. సర్కారు నాళా అయితే తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి కొలత వేయించమని అడగవచ్చు. నిజంగా ఆయన పట్టాలోనే ఉంటే గొడవ పడి లాభం లేదు. ఆయన సరిహద్దు వెంబడి పైపు వేసుకోవడానికి ఒప్పించి, ఆ ఒప్పందం కాగితం మీద రాసుకోండి. దరఖాస్తు ఒడియాలో రాయించి, రెండు కాపీలు తీసుకువెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోవడం మరవకండి.

ఏటా ఫిబ్రవరిలో జరిగే పల్లిసభలో (ఊరి ఓటర్ల సభలో) మీ దారి పనిని ప్రతిపాదనగా రాయించండి. పల్లిసభ పుస్తకంలోకి ఎక్కని పని పంచాయతీ ప్రణాళికలోకి రావడం కష్టం. మీ లేఅవుట్ దారి పంచాయతీకి అప్పగించి ఉందో లేదో కూడా అప్పుడే అడగండి, ఎందుకంటే ప్రైవేటు దారి మీద ప్రభుత్వ సొమ్ము పెట్టడానికి వాళ్లు వెనకాడతారు.

ర్యాంపులు పగలగొడతామంటే ఎవరూ ఒప్పుకోరు. అందరివీ ఒకేసారి, ఒకే తీరుగా మారుస్తామంటే ఒప్పుకుంటారు. మట్టి తీసేసి, కాలువ మీద ఎత్తి పెట్టగలిగేంత వెడల్పు సిమెంటు పలకలు వరుసగా పేర్చండి; పూడిక తీయవలసినప్పుడు ఇద్దరు మనుషులు పక్కకు జరపగలుగుతారు. పైపులే వేస్తామంటే అడుగు వ్యాసానికి తగ్గనివ్వకండి. ఆరంగుళాల పైపు వేసిన ఇంటి దగ్గరే ప్లాస్టిక్ కవర్లు చేరి, పై ఇళ్ల నీరంతా అక్కడే ఆగుతుంది.

స్నానాల నీటికి ఇంకుడు గుంత అని అందరూ చెబుతారు కాని, పాత వరి మడిలో అది ఇంకుతుందో లేదో ముందు చూడాలి. రెండడుగుల గుంత తీసి రాత్రి నింపి, తెల్లవారి చూడండి. నీరు అలాగే ఉంటే పెరట్లో అరటి, కంద మొక్కలకు మళ్లించడమే దారి. సెప్టిక్ ట్యాంకు నీటిని మాత్రం, చెరువుకు పోయే కాలువ కాబట్టి, ఎవరినీ అందులోకి వదలనివ్వకండి.

సిమెంటు రోడ్డు కోసం ఆగాలనేవారితో నేను ఏకీభవించను. కాలువ లేని సిమెంటు రోడ్డు కింద కూడా నీరు చేరి, పలక అడుగు కొట్టుకుపోయి పగుళ్లు వస్తాయి. పైగా పాత రోడ్డు మీదే పోసుకుంటూ పోతే రోడ్డు ఇళ్ల గడపల ఎత్తుకు వచ్చి, నీరు వాకిళ్లలోకి దిగుతుంది. ఇప్పుడు మొరం బాగా తొక్కించుకుంటే రేపటి సిమెంటు రోడ్డుకు అదే పునాది అవుతుంది.

సమాధానం (రిటైరైన ఇంజనీరు, రాయగడ)

మెంబరు గారు చెప్పినది సరైనది. మీ పొలం కాలువ ఒక పక్కనే ఉంది కనుక, రెండో పక్క కాలువ నీరు రోడ్డును దాటడానికి పల్లపు చివర ఒక తూము కావాలి. అందుకు 450 మిల్లీమీటర్ల వ్యాసం గల హ్యూమ్ పైపులు (ఇనుప చువ్వల కాంక్రీటు పైపులు), ఎక్కువ బరువు మోసే ఎన్‌పీ3 రకం, తీసుకోండి. తక్కువ బరువు మోసే ఎన్‌పీ2 చవక కాని, లోడు లారీలు తిరిగే చోటికి నేను సూచించను. పైపు మీద రెండడుగులకు తగ్గకుండా మట్టి కప్పు ఉండాలి, వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉండాలి, నీరు పడే చివర నేల కోసుకుపోకుండా రాళ్లు పరచాలి. ఆ కప్పు దొరకకపోతే రాతి గోడల మీద కాంక్రీటు పలక వేసిన తూము కట్టించుకోండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మన జిల్లాల్లో పడినంత వానను ఏ కాలనీ తూమూ మోయలేదు, మోసేలా కట్టడం మీ చందాకు సాధ్యమూ కాదు. అందుకే తూము పక్కన రోడ్డును ఒకచోట నాలుగంగుళాలు పల్లంగా ఉంచి, ఆ భాగానికి రాళ్లు పరచి సిమెంటు పూయండి. పొంగిన నీరు ఎటు పొర్లాలో మీరే నిర్ణయించినట్టు అవుతుంది, రోడ్డు తెగదు.

పైపు ముక్క పొడవు రెండున్నర మీటర్లు, అంటే ఎనిమిది అడుగుల పైచిలుకు. మీ ఇరవై అడుగుల దారికి మూడు ముక్కలు, వాటిని కలిపే చోట తొడిగే కాలర్లు రెండు ఆర్డరు చేస్తే సరిపోతుంది.